నలుగురూ ఒక్క టేబుల్ దగ్గర కూర్చునేదెప్పుడు?



ఈసారి బులెటిన్‌కి నన్ను రాయమన్నారు. నేను రాసేవాణ్ణి కాదు. జగిత్యాల దగ్గర పల్లెలో పదో తరగతి పాసై, షట్టరింగ్ కార్పెంటర్‌గా గల్ఫ్‌కి వచ్చి, ఇప్పుడు సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. రోజూ నేను రాసేది టైమ్‌షీట్, డైలీ రిపోర్టు. అంతే. తప్పులుంటే సర్దుకోండి. కానీ ఒక విషయం చాలా రోజుల నుంచి గొంతులో ముల్లులా ఉంది. అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పోయినేడు మా సైట్‌లో ఒక స్టీల్ ఫిక్సర్ ఉండేవాడు. కోనసీమ తమ్ముడు. మా కంపెనీ మనిషి కాదు, సప్లై కంపెనీ నుంచి వచ్చినవాడు. పని మీద మంచి పట్టు. బీమ్ కట్టాడంటే మళ్ళీ చూడక్కర్లేదు. ఒకరోజు టూల్‌బాక్స్ మీటింగ్ అయ్యాక పక్కకి వచ్చి, "అన్నయ్యా, మూడు నెల్ల నుంచి జీతం సరిగ్గా పడట్లేదండీ. ఒక నెల సగం వేశారు, రెండు నెలలు అసలే లేదు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "నీ జీతం లెక్క మా దగ్గర ఉండదు తమ్మీ, మీ ఆఫీసుల అడుగు" అన్నాను. నేనన్నది అబద్ధం కాదు. అతని జీతం మా ఆఫీసు చేతిలో లేదు. కానీ ఆ మాట అన్న రోజు నుంచి అతను ఎన్ని గుమ్మాలు తిరిగాడో తర్వాత తెలిసింది.

క్యాంప్ బాస్‌ని అడిగితే, "నాకు రూములు, మెస్సు వరకే తెలుసు, ఆఫీసుకి పో" అన్నాడు. ఆఫీసుకి పోతే, "మెయిన్ కాంట్రాక్టర్ మాకు బిల్లు ఇవ్వలేదు, వచ్చాక వేస్తాం" అన్నారు. మా ఆఫీసులో అడిగితే, "మేం వాళ్ళకి కట్టేశాం, నువ్వు మా మనిషివి కాదు" అన్నారు. ఎవరో మన సంఘం పెద్దమనిషి నంబరు ఇస్తే ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన మంచిగానే మాట్లాడి, శుక్రవారం కాన్సులర్ క్యాంపుకి రమ్మన్నాడు. అక్కడివాళ్ళు ఓపిగ్గా విని, ముందు లేబర్ మినిస్ట్రీలో కంప్లైంట్ పెట్టు, తర్వాత మేం చూస్తాం అన్నారు. కంప్లైంట్ ఎలా పెట్టాలో ఇతనికి తెలియదు, పెడితే కంపెనీ పారిపోయాడని కేసు పెడుతుందేమోనని భయం. ఊళ్ళో భార్య ఏదో ఆఫీసుకి పోయి అడిగితే, ఎంబసీ లెటర్ తెమ్మన్నారు.

చివరికి వీసా గడువు దగ్గర పడింది. సప్లై కంపెనీ వాళ్ళు టికెట్ చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంది. నాకు రావాల్సిందంతా ముట్టింది అని అందులో ఉందట. అది అతనికి ఇంటికి పోయాక తెలిసింది. రెండు నెలల జీతం పోయింది. మన రూపాయల్లో అరవై వేల దాకా ఉంటుంది. కూతురి కాలేజీ ఫీజుకి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఒక్కసారి లెక్క చూడండి. ఇతన్ని ఎవరైనా తిట్టారా? కొట్టారా? సప్లై కంపెనీ ఒక్కటి పక్కన పెడితే మిగతా అందరూ చెప్పింది వాళ్ళ వాళ్ళ వరకు నిజమే. ఎవరి పని వాళ్ళు చేశారు. మనిషి మాత్రం మధ్యలో పడిపోయాడు. ఎవరికి వారే యమునా తీరే. నా ఉద్దేశంలో గల్ఫ్‌లో మనకి జరిగే నష్టాల్లో చాలావరకు ఇలాంటివే. చట్టం లేక కాదు, ఆఫీసు లేక కాదు, సాయం చేసే మనసు లేక కాదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మన కేసు అందించేవాడు లేక.

*స్లాబ్ ఎలా పోస్తాం?*

మనందరికీ తెలిసిన పనితోనే చెప్తాను. స్లాబ్ కాంక్రీట్ పొయ్యాలంటే ముందు ఏం జరగాలి? షట్టరింగ్ వాడు లెవెల్ చూపాలి. స్టీల్ వాడు కడ్డీలు, కవర్ బ్లాకులు చూపాలి. ఎలక్ట్రికల్ వాడు పైపులు వెయ్యాలి. ప్లంబింగ్ వాడు స్లీవులు పెట్టాలి. అందరి సంతకాలూ ఒక కాగితం మీద పడ్డాక కన్సల్టెంట్ ఇంజనీరు వచ్చి చూస్తాడు. ఆయన సంతకం పడందే పంపు స్టార్ట్ కాదు. స్లీవు పెట్టడం మర్చిపోయి కాంక్రీట్ పోసేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత కోర్ కటింగ్ మిషన్ తెచ్చి పగలగొట్టాలి. డబ్బు దండగ, స్లాబ్ బలహీనం.

అక్కడ షట్టరింగ్ వాడు ఒక కంపెనీ, ఎలక్ట్రికల్ వాడు ఇంకో కంపెనీ, కన్సల్టెంట్ మూడో కంపెనీ. ఒకరి జీతం ఒకరు ఇవ్వరు. ఐనా పని ఎందుకు జరుగుతుంది? రెండు కారణాలు. ఒకటి, అందరూ ఒకే కాగితం చూస్తారు. రెండు, ఏదైనా తప్పితే మెయిన్ కాంట్రాక్టర్ బాధ్యుడు, తప్పించుకోలేడు.

ఒక స్లాబ్‌కి ఇంత ఏర్పాటు ఉంది. ఆ స్లాబ్ పోసే మనిషికి లేదు. నా బాధ అదే.

*ఉన్నవి తక్కువేం కాదు*

ఇక్కడ ఏమీ లేదు అని తిట్టుకునే మనోళ్ళు ఎక్కువ. అది సరి కాదు. ఏమేం ఉన్నాయో ఒకసారి వరసగా చూద్దాం.

ఖతార్ ప్రభుత్వం వైపు చూడండి. 2015లో జీతాలు బ్యాంకులో వెయ్యాలనే పద్ధతి వచ్చింది. గడువు తేదీ నుంచి ఏడు రోజుల్లో పడాలి. 2018 నుంచి లేబర్ వివాదాల కమిటీలు పనిచేస్తున్నాయి, వాటి ముందుకి వచ్చిన కేసు మూడు వారాల్లో తేల్చాలి. కంపెనీ చేతులెత్తేస్తే కార్మికుడికి ఇచ్చేందుకు సహాయ, బీమా నిధి పెడుతూ 2018లోనే చట్టం చేశారు. 2020లో కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ తీసేశారు. 2021 మార్చి 20 నుంచి కనీస జీతం 1,000 రియాల్స్, కంపెనీ వసతి, తిండి పెట్టకపోతే దానికి 500, 300 కలపాలి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని బంద్.

కంపెనీల వైపు చూడండి. ముప్పై మంది, ఆపైన ఉన్న కంపెనీలో కార్మికులు ఎన్నుకున్నవాళ్ళు సగం, యాజమాన్యం వాళ్ళు సగం ఉండే జాయింట్ కమిటీ పెట్టుకోవచ్చు. మనలాంటి విదేశీ కార్మికులకి ఇక్కడ యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. కాబట్టి మన మాట చట్టప్రకారం వినిపించే చోటు కంపెనీ లోపల ఇదొక్కటే.

మన దేశం వైపు చూడండి. ఎంబసీ ఉంది. దాని నీడలో 1984 నుంచి ఐసీబీఎఫ్ ఉంది. మన ఇండస్ట్రియల్ ఏరియాకే వచ్చి క్యాంపులు పెడతారు, ఏషియన్ టౌన్‌లోనూ పెట్టారు. పాస్‌పోర్టు పనికి సిటీకి పోయి ఒకరోజు జీతం పోగొట్టుకునే అవసరం తప్పింది. ఐసీబీఎఫ్ వాళ్ళు తెచ్చిన బీమా 125 రియాల్స్ కడితే రెండేళ్ళు, లక్ష రియాల్స్ దాకా. రాష్ట్రాల సంగతి చూస్తే, తెలంగాణ 2024లో జీవో ఇచ్చింది. ఖతార్‌తో కలిపి ఏడు దేశాల్లో మన కార్మికుడు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. ఆంధ్రలో ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. శవపేటిక ఎయిర్‌పోర్టులో దిగితే ఊరి దాకా ఉచితంగా అంబులెన్స్ రెండు రాష్ట్రాలూ ఇస్తున్నాయి.

చివరికి మన సంఘాలు. ఆంధ్ర కళా వేదిక, తెలుగు కళా సమితి, తెలంగాణ ప్రజా సమితి, తెలంగాణ గల్ఫ్ సమితి, ఇంకా చిన్నవీ పెద్దవీ. ఉగాదికి, బతుకమ్మకి హాలు నింపేది వీళ్ళే. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఆస్పత్రికి పరుగెత్తేదీ ఇలాంటి సంఘాల్లోని మనుషులే.

ఇంతమంది ఉన్నారు. ఐనా కోనసీమ తమ్ముడు ఒట్టి చేతులతో పోయాడు.

*కలిసినప్పుడు ఏం జరిగిందో మనమే చూశాం*

ఇది జరిగే పని కాదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జరిగింది, మన కళ్ళ ముందే.

2020 మార్చి 17 గుర్తుందా? ఇండస్ట్రియల్ ఏరియా స్ట్రీట్ 1 నుంచి 32 దాకా మూసేశారు. లోపల మనోళ్ళే ఎక్కువ. అప్పుడు ప్రభుత్వం లోపలికి సరుకులు, మందులు పంపింది. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళకి జీతం ఇవ్వాలని కంపెనీలకి చెప్పింది. కంపెనీలు జీతాలు, అద్దెలు కట్టుకోవడానికి బ్యాంకులకి 300 కోట్ల రియాల్స్ గ్యారంటీ ఇచ్చింది. సంఘాల వాళ్ళు బియ్యం, పప్పు సంచులు మోసుకొచ్చారు. మే నెల నుంచి వందే భారత్ విమానాలు మొదలైతే గర్భిణులు, జబ్బు మనుషులు, ఉద్యోగం పోయినవాళ్ళు ముందు ఎక్కారు. అందులో కష్టాలు, లోపాలు లేవని కాదు. కానీ ఆ రెండు మూడు నెలలు ఎవరూ "నా పని కాదు" అనలేదు.

వరల్డ్ కప్ పనుల సంగతి ఇంకోటి. స్టేడియాల కాంట్రాక్టర్లతో సుప్రీం కమిటీ ఒక ఒప్పందం చేసుకుంది. కార్మికుడు ఊళ్ళో ఏజెంటుకి కట్టిన డబ్బు కంపెనీ తిరిగి ఇవ్వాలి, రసీదు అడగకూడదు. రసీదు ఏ ఏజెంటు ఇస్తాడు చెప్పండి! అందుకే అడగకూడదు అన్నారు. రెండు వందలకు పైగా కంపెనీలు ఒప్పుకున్నాయి. మనోళ్ళు కొంతమందికి నెలనెలా జీతంతో పాటు ఆ డబ్బు వచ్చింది. ప్రభుత్వ సంస్థ గట్టిగా నిలబడితే కంపెనీ వింటుంది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది కదా. అలాంటివి 2019 నుంచి మన దేశంలో ఏడు ఊళ్ళలో పెట్టారు. మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ ఒకే చోట. ముందు రోజుల్లో ఇక్కడ దిగాక వేరే కాగితం, తక్కువ జీతం చూపేవాళ్ళు. ఆ మోసం చాలా తగ్గింది. ఎందుకు? ప్రభుత్వమూ, సెంటర్ నడిపే ప్రైవేటు కంపెనీ, మన కంపెనీ, మనం, నలుగురం ఒకే కాగితం చూస్తున్నాం కాబట్టి.

ఇంకో చోటు కూడా ఉంది. చెప్పడానికి మనసు రావడం లేదు, ఐనా చెప్తాను. హమద్ ఆస్పత్రి మార్చురీ దగ్గర హ్యుమానిటేరియన్ సర్వీసెస్ ఆఫీసు. మనిషి చనిపోతే ఇంటికి పంపడానికి కావలసిన పనులు, ఆస్పత్రివి, పోలీసువి, ఆరోగ్య శాఖవి, అక్కడే జరిగేట్టు ఏర్పాటు చేశారు. నేను మా క్యాంపు మనిషి కోసం ఒకసారి అక్కడికి పోయాను. పని అయ్యాక బయటికొచ్చి ఎండలో నిలబడి ఆలోచించాను. చనిపోయినవాడికి ఒకే ఆఫీసు ఉంది. బతికున్నవాడికి ఎందుకు లేదు?

*సందులు ఎక్కడున్నాయి*

నేను చూసినంతలో మూడు సందులు చెప్తాను.

మొదటిది పాస్‌పోర్టు దగ్గరే మొదలవుతుంది. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్. వాళ్ళు ఖతార్ రావాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. మరి నేను? పది పాసయ్యాను. నాకు క్లియరెన్స్ అక్కర్లేదు. దాంతోపాటు ఆ తప్పనిసరి బీమా కూడా లేదు. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే స్కాఫోల్డింగ్ మీద నుంచి పడినా దెబ్బ తగలదా? నాలాంటివాళ్ళు ఎంతోమంది ఏ లెక్కలోనూ లేకుండా వచ్చాం. ఈసీఆర్ వాళ్ళకి కూడా ఆ బీమా గడువు అయ్యాక మళ్ళీ కట్టాలని గుర్తు చేసేవాళ్ళు లేరు. ఎందుకంటే గుర్తు చెయ్యడం ఎవరి పనీ కాదు.

రెండోది, రాష్ట్రం ఇచ్చేది ఇక్కడి మనిషికి తెలియదు, ఇక్కడ కావలసిన కాగితం ఊళ్ళో మనిషికి తెలియదు. 5 లక్షల జీవో ఉందని కుటుంబానికి తెలిసేసరికి నెలలు గడుస్తాయి. దరఖాస్తుకి మరణ ధ్రువీకరణ కావాలి, క్యాన్సిల్ చేసిన పాస్‌పోర్టు కాపీ కావాలి. అవి పేటికతో పాటే పంపితే ఒక్కరోజు పని. పంపకపోతే ఊళ్ళో ఆడమనిషి కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు, మనిషి పోయాక కాగితాలు వెతుకుతున్నాం. ఆ ఖర్చులకి మనం క్యాంపుల్లో చందాలు వేస్తాం. మనసు మంచిదే, కానీ అనుమతి లేకుండా చందాలు వసూలు చెయ్యడం ఇక్కడ చట్టప్రకారం నేరం. సాయం చేయబోయి మన తమ్ముడే కేసులో ఇరుక్కుంటాడు.

మూడోది సప్లై కంపెనీ మనిషి. పని ఒకడి దగ్గర, జీతం ఒకడి దగ్గర, పడక ఇంకోడి దగ్గర. జాయింట్ కమిటీ మా కంపెనీలో ఉందనుకుందాం, అతనికి అందులో ఓటు లేదు. అతని కంపెనీలో కమిటీయే లేదు. కోనసీమ తమ్ముడు పడిపోయింది ఈ సందులోనే.

*మలయాళీలను చూసి అసూయ పడితే సరిపోదు*

మన పక్క రూముల్లో మలయాళీలు ఉంటారు. వాళ్ళకి నోర్కా ఉంది. కేరళ ప్రభుత్వం 1996లోనే ప్రవాసుల కోసం వేరే శాఖ పెట్టింది, 2002లో నోర్కా రూట్స్ వచ్చింది, 2008లో సంక్షేమ బోర్డుకి చట్టం చేశారు. కార్డు, బీమా, నెలనెలా కొంత కడితే అరవై దాటాక పింఛను. 2018లో లోక కేరళ సభ అని పెట్టి ఎమ్మెల్యేలను, ఎంపీలను, గల్ఫ్ నుంచి వచ్చిన ప్రవాసులను ఒకే హాల్లో కూర్చోబెట్టారు.

అది ప్రభుత్వం దయతో ఊరికే వచ్చిందా? కాదు. అక్కడి ప్రతి పార్టీకి గల్ఫ్‌లో మనుషులున్నారు, వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అమ్మైనా అడగందే అన్నం పెట్టదు. మనం అడిగామా? మనం రెండు రాష్ట్రాలుగా, నాలుగు సంఘాలుగా, పది గ్రూపులుగా అడుగుతాం. ఒక మంత్రి దోహా వస్తే నలుగురు నాలుగు వినతిపత్రాలు ఇస్తారు. నాలుగు శాలువాలు, నాలుగు ఫోటోలు. ఆయన ఏది చదవాలి?

సంఘాల పెద్దలు నన్ను తప్పుగా అనుకోవద్దు. మీరు చేసిన సేవ నేను కళ్ళారా చూశాను. డ్యూటీ అయ్యాక సొంత కారు, సొంత పెట్రోలు పెట్టుకుని తిరిగే మనుషులు మీలో ఉన్నారు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. శవం తెలంగాణదా ఆంధ్రదా అని మార్చురీ అడగదు. బతికున్నప్పుడు మనం ఎందుకు అడుగుతున్నాం?

*"మనకెందుకన్నా ఇవన్నీ?"*

ఈ మాట మా రూములోనే వచ్చింది. "ప్రభుత్వాలు చూసుకుంటయి, కంపెనీలు చూసుకుంటయి, మనం పని చేసి పైసలు పంపుకునేటోళ్ళం" అన్నాడు ఒక తమ్ముడు. ఇంకొకతను, "కమిటీల నిలబడితే రేపు రెన్యువల్ ఆపుతరు" అన్నాడు.

మొదటి మాటకి జవాబు పైనే చెప్పాను. ఎవరి పని వాళ్ళు చూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందు పైనున్నవాళ్ళకి కనపడదు, అందులో కాలు పడ్డవాడికే తెలుస్తుంది. అది చూపించే పని మనదే.

రెండో మాట భయం. దాన్ని తీసిపారెయ్యను. నాకూ ఇద్దరు పిల్లలున్నారు, నాకూ ఉద్యోగం కావాలి. అందుకే ఒక్కడు నిలబడే పద్ధతి నేను చెప్పడం లేదు. ఒక్కడు అడిగితే కంప్లైంట్, నలుగురు సంస్థల వాళ్ళు కూర్చుని అడిగితే మీటింగ్. మీటింగ్‌లో మాట్లాడినందుకు రెన్యువల్ ఆపడం అంత సులువు కాదు.

కంపెనీ వాళ్ళు కూడా ఇది తమకి వ్యతిరేకం అనుకోవద్దు. మూడు నెలలు జీతం లేని మనిషి మనసు కడ్డీ మీద ఉండదు. ఎత్తు మీద పనిచేసేవాడి మనసు ఇంటి అప్పు మీద ఉంటే ఏమవుతుందో సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి.

*నేను అడిగేది*

పెద్ద పెద్దవి అడగను. నాలుగే.

1. నెలకో శుక్రవారం, ఏషియన్ టౌన్‌లో, ఒక ఉమ్మడి టేబుల్. క్యాంపు ఎలాగూ పెడుతున్నారు. అదే హాల్లో ఎంబసీ, ఐసీబీఎఫ్ వాళ్ళ పక్కన లేబర్ మినిస్ట్రీ నుంచి ఒకరు, పెద్ద కంపెనీల వెల్ఫేర్ ఆఫీసర్లు, తెలుగు చదివి చెప్పే సంఘం మనిషి ఒకరు కూర్చోవాలి. హైదరాబాద్, విజయవాడ ఎన్‌ఆర్‌ఐ ఆఫీసుల నుంచి ఒక అధికారి వీడియో కాల్‌లో ఉంటే చాలు. లేబర్ సిటీలోనే దాదాపు 70 వేల మందికి చోటు కట్టారు. ఇంతమంది నడిచి వచ్చే దూరంలో ఉన్నప్పుడు టేబుల్ ఇక్కడే ఉండాలి.

2. ఒక మనిషికి ఒకే కాగితం, ఒకే నంబరు. ఏ గుమ్మం దగ్గర మొదటిసారి చెప్పినా అదే నంబరు మీద అందరూ చూడాలి. మళ్ళీ మొదటి నుంచి కథ చెప్పించుకోకూడదు.

3. ఒక యజమాని. ఇది అన్నిటికన్నా ముఖ్యం. సైట్‌లో మెయిన్ కాంట్రాక్టర్ ఉన్నట్టు, కేసు మూసేదాకా బాధ్యత ఒకరి మీద ఉండాలి. అది ఎంబసీ, ఐసీబీఎఫ్ డెస్కే తీసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే మినిస్ట్రీకి, కంపెనీకి, రాష్ట్రానికి, ముగ్గురికీ ఫోన్ చేస్తే ఎత్తే చోటు అదొక్కటే. బాధ్యుడు లేని మీటింగ్ ఫోటోలకే పనికొస్తుంది.

4. తెలుగు సంఘాలన్నీ కలిసి ఒకే వినతిపత్రం. రెండు రాష్ట్రాలకీ ఒకే మాట. ఈసీఆర్ ఐనా కాకపోయినా బీమా, చనిపోయినవాళ్ళ కాగితాలు పేటికతోనే జిల్లాకి చేరే ఏర్పాటు. ఈ రెండూ ఒప్పించినా చాలు.

ఇవి వాళ్ళు చేసేవి. మనం చేసేవి కూడా ఉన్నాయి. రూముకి ఒకరు బాధ్యత తీసుకోండి. రూములో ఎవరి బీమా ఎప్పుడు అయిపోతుంది, ఎవరి ఐడీ ఎప్పుడు అయిపోతుంది, ఇంటి నంబరు ఏది, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. జీతం గడువు దాటి ఏడు రోజులైతే మూడు నెలలు ఆగొద్దు, లేబర్ మినిస్ట్రీ 16505కి ఫోన్ చెయ్యండి, లేదా ఈ గ్రూపులో చెప్పండి, పక్కన కూర్చుని చేయిస్తాం. కాంట్రాక్టు అయిపోయాక ఏడాది దాటితే హక్కు పోతుంది, గుర్తుంచుకోండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ముందు ఫోటో తీసి ఒకరికి పంపండి. జాయింట్ కమిటీ ఎన్నికలు పెడితే మనోళ్ళలో ధైర్యం, ఓపిక ఉన్న ఒకరిని నిలబెట్టండి. అడ్డొచ్చేవాణ్ణి కాదు, మాట్లాడగలిగేవాణ్ణి.

ఇక నా సంగతి. పైన అన్ని గుమ్మాల లెక్క చెప్పాను. మొదటి గుమ్మం నేనే. ఆరోజు "మీ ఆఫీసుల అడుగు" అనకుండా, అతని పేరు, కంపెనీ పేరు రాసుకుని, మా ప్రాజెక్టు మేనేజర్‌కి ఒక్క ఈమెయిల్ పెట్టించి ఉంటే కథ వేరేలా ఉండేది. సప్లై కంపెనీకి మా వైపు నుంచి వచ్చే నెల బిల్లు ఇంకా బాకీ ఉన్న రోజులవి. జీతాలు వేసిన రుజువు చూపించి బిల్లు తీసుకోండి అని మావాళ్ళు అని ఉండొచ్చు. నేను చెప్పలేదు. నా పని కాదనుకున్నాను.

ఇప్పుడు మా సైట్‌లో ఒక అలవాటు పెట్టాను. ప్రతి నెల పదో తారీఖు టూల్‌బాక్స్ మీటింగ్‌లో మా మనిషి, సప్లై మనిషి అని చూడకుండా అందరినీ అడుగుతాను, జీతం పడిందా అని. పడనివాళ్ళ పేర్లు రాసి పైకి పంపుతాను. మొదటి నెల ఆఫీసులో ఒకాయన విసుక్కున్నాడు. రెండో నెల నుంచి ఆ లిస్టు ఏదని ఆయనే అడుగుతున్నాడు.

మన గ్రూపులో నాలాంటి సూపర్‌వైజర్లు, ఫోర్‌మెన్, ఛార్జ్‌హ్యాండ్లు చాలామంది ఉన్నారు. ఈ నెల పదో తారీఖున మీరూ అడగండి. ఎన్ని పేర్లు వచ్చాయో, మనిషి పేరు లేకుండా సంఖ్య మాత్రం అడ్మిన్‌కి పంపండి. ఆ సంఖ్య పట్టుకుని వచ్చే కాన్సులర్ క్యాంపుకి మనం పదిమందిమి పోదాం. టేబుల్ వెయ్యమని అడుగుదాం.

కోనసీమ తమ్ముడు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. డబ్బుల మాట ఎత్తడు. "బాగున్నారా అన్నయ్యా" అంటాడు. ఆ మాటకి నేనింకా సరిగ్గా జవాబు చెప్పలేకపోతున్నాను.